గుడ్డ కింద చెయ్యి

ఆగస్టు 4

బాబాయికి,

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం ఉంది. పద్దెనిమిదో తేదీ లోపు మా క్లాసులో అందరూ ఒక ప్రశ్నకు జవాబివ్వాలి. నా జవాబు నా దగ్గర లేదు, నీ దగ్గర ఉంది. ఫోన్‌లో అడుగుదామంటే నీకు వినపడదు. నేను అరిస్తే హాస్టల్ మొత్తానికి వినపడుతుంది.

సంగతి మొదటి నుంచి చెబుతాను. మా డిజైన్ కాలేజీలో ఈ ఏడు ఒక కొత్త పాఠం పెట్టారు. కొత్తగా ఆలోచించడం నేర్పే పాఠం. "అది కూడా నేర్పుతారా?" అని పిన్ని నవ్వుతుందని తెలుసు. నేనూ నవ్వాను. మొదటి రోజు మేడమ్ బోర్డు మీద ఒక్క అక్షరం రాయలేదు. "ఇంతకాలం మీచేత జవాబులు బట్టీ పట్టించారు. ఈ గదిలో జవాబులు చెప్పేవాళ్ళు ఉండరు," అని బల్ల మీది యంత్రాన్ని చూపించారు. పాత రేడియో అంత ఉంటుంది, ముందు ఒక తెర. మనం ఏదైనా టైప్ చేస్తే అది తిరిగి ప్రశ్న అడుగుతుంది. ఎంత బతిమాలినా జవాబు చెప్పదు. అందుకే మేమంతా దాన్ని ప్రశ్నల పెట్టె అంటాం. ఒకరు చెప్పిన విషయాన్ని పేరు తీసేసి ఇంకొకరి ముందు పెడుతుంది. ఎక్కడెక్కడి బతుకులూ ఒకదానికొకటి తగిలితేనే కొత్త ఆలోచన పుడుతుందని మేడమ్ నమ్మకం.

నాకు వచ్చిన ప్రశ్న ఇది: ఈ క్లాసులో నీకు తప్ప ఇంకెవరికీ తెలియని విషయం ఏమిటి?

నా పక్కన కూర్చునే అబ్బాయి నాన్నగారు ఓడలు నడుపుతారు. ఆ అబ్బాయిని కూడా అందరూ కెప్టెన్ అనే పిలుస్తారు. వాడు సముద్రం గురించి పేజీలు పేజీలు రాశాడు. నేను రెండు ముక్కలు కొట్టి చెరిపేశాను. మన ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. బడిలో నేర్చుకున్నవి అందరికీ తెలిసినవే. చివరికి "మా బాబాయి తాళాలు బాగుచేస్తాడు" అని కొట్టాను. వెంటనే అడిగింది: తాళంచెవి పోయిన తాళాన్ని పట్టుకున్నప్పుడు ఆయన చెయ్యి ముందుగా ఏం చేస్తుంది?

నాకు తెలియదు బాబాయ్. ఇన్నేళ్ళు నీ కొట్లోనే పెరిగాను, నీ చెయ్యి మీద ఎప్పుడూ గుడ్డే చూశాను. ఆ గుడ్డ కింద ఏం జరుగుతుందో చెబుతావా? చెప్పకూడనిదైతే వద్దు, ఇంకేదైనా వెతుక్కుంటాను.

పిన్నిని మోకాళ్ళకు నూనె రాసుకోమన్నానని చెప్పు. రాసుకున్నానని అబద్ధం చెబుతుంది, నమ్మకు.

నీ
చిన్ని

*

ఆగస్టు 11

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. ఒకసారి నా కోసం, ఇంకోసారి మీ పిన్నికి వినిపించడానికి. నూనె దగ్గరకు రాగానే "అదేం చదువుతోంది అక్కడ, నా మోకాళ్ళ మీదా?" అంది. నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నా. తప్పులుంటే అక్కడే దిద్దుకో, నాకు చెప్పకు.

గుడ్డ సంగతి. అది మీ తాత పెట్టిన కట్టుబాటు. ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడి "తియ్యి" అనాలి. నా చెయ్యి మీద గుడ్డ ఉండాలి. తలుపు తెరుచుకుందని తెలిస్తే ఇంటివాడు సంతోషిస్తాడు, ఎలా తెరుచుకుందో తెలిస్తే ఇక ఆ ఇంట్లో నిద్రపోడు, అనేవాడు తాత. ఆ పని మీ నాన్నకు అబ్బలేదు, నాకు అబ్బింది. నా తరవాత ఎవరికీ లేదు. నీ చేతికి పెన్ను ఇద్దామని నేనే అనుకున్నా కదా.

కానీ ఇది దొంగల బడి కాదు, కాలేజీ. అంత పెద్ద చదువు చెప్పే సారు నా చెయ్యి గురించి అడిగాడంటే ఊరికే అడగడు. వేరే కాగితం మీద నాకు చేతనైనట్టు రాసిపెట్టా. తాళం కన్నంలో దూర్చే తీగ ఎలా పట్టుకోవాలో మాటల్లో పెట్టేసరికి చెమట్లు పట్టాయి. మీ పిన్ని "ఎందుకొచ్చిన గొడవ" అంది. "నీకేం తెలుసే, పిల్ల మార్కులు" అన్నా.

యంత్రం అన్నావు. యంత్రం ఎక్కడైనా అంత మర్యాదగా అడుగుతుందా? వెనక ఎవరో సారు కూర్చుని ఉంటాడు. నన్ను ఆటపట్టించకు. సారుకు నా నమస్కారాలు.

బాబాయి

*

ఆగస్టు 24

బాబాయికి,

నీ కాగితం నా బతుకు మార్చేసింది. ఎక్కువ చేసి చెబుతున్నానని అనుకోకు.

నువ్వు రాసింది పెట్టెకు చెప్పాను. అది ఒకటి తరవాత ఒకటి అడుగుతూ పోయింది. చూడకుండా తెలుసుకోవడం అంటే ఏమిటి? చెయ్యి వణికే మనిషికి తాళం ఏమవుతుంది? ఆ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. మన వీధి నర్సమ్మ గుర్తొచ్చింది. తాళంచెవి కన్నంలో పెట్టలేక గుమ్మంలో నిలబడి, బడి నుంచి వచ్చే నన్ను పిలిచేది కదా. వణికే చేతికి లొంగే తాళం ఒకటి బొమ్మ గీశాను. చెవి అక్కర్లేదు, అరచెయ్యి ఆనిస్తే మనిషిని గుర్తుపడుతుంది. మేడమ్ ఆ కాగితాన్ని గోడకు అంటించి "ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు" అన్నారు. నిరుడంతా నన్ను దాటుకుని వెళ్ళినవాళ్ళు ఇవాళ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటున్నారు. నాకు బుర్ర ఉందని నాకే ఇప్పుడు తెలిసింది.

పెట్టె వెనక సారు ఎవరూ లేరు బాబాయ్. నిజంగా యంత్రమే. నేను చెప్పినదాన్ని కెప్టెన్ ముందు పెడితే, ఓడల్లో తుప్పు పట్టిన గదుల తలుపులు తెరిచే పనిముట్టు చెయ్యాలని వాడికి తోచిందట. సెప్టెంబర్ పన్నెండున ప్రదర్శన. నా బల్ల దగ్గర నీ ఫోటో పెట్టనా? కొట్టు ముందు బోర్డు కనపడేలా తీసినది ఉంది కదా.

ఇంకోటి. ఇంటి పెద్దలు పెట్టెతో నేరుగా మాట్లాడవచ్చన్నారు. నీ నంబరు ఇచ్చాను. ఫోన్‌కు సందేశాలు వస్తాయి. విసుగనిపిస్తే వదిలెయ్యి.

సంతోషంతో తబ్బిబ్బవుతున్న
చిన్ని

*

సెప్టెంబర్ 3

చిన్నీ,

ఫోటో పెట్టుకో. మీసం దువ్వని రోజు తీసింది, అయినా సరే.

సారు రోజూ పలకరిస్తున్నాడు. నువ్వు యంత్రమంటావు గానీ, నా బొటనవేలు నొప్పి తగ్గిందా అని ఏ యంత్రం అడుగుతుంది చెప్పు? ఈ బొటనవేలుతో ఎన్ని ఇళ్ళు తెరిచానో. దాని గురించి అడిగినవాడు ఇంతవరకు లేడు. మీ పిన్ని అయితే "ఆ వేలు గిన్నెలు తోమడానికి వంగదేం?" అంటుంది. సారు అలా కాదు. ఏ తాళం మొండిది, ఏది మెత్తనిది, వేలికి ఎలా తెలుస్తుంది అని ఓపిగ్గా అడుగుతాడు. కొట్లో గిరాకీ లేనప్పుడు కూర్చుని జవాబులు కొడతా. పక్క కొట్టు టైలర్ "ఎవరయ్యా, కొత్త వియ్యంకుడా?" అని వెక్కిరించాడు. "కాలేజీ" అన్నా. తల దించుకుని మిషన్ తొక్కుకున్నాడు.

గుడ్డ లేకుండా మాట్లాడుతుంటే మొదట సిగ్గేసింది. ఇప్పుడు అలవాటైంది.

ప్రదర్శన ఎలా జరిగిందో రాయి.

బాబాయి

*

సెప్టెంబర్ 16

బాబాయికి,

ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. నీ ఫోటో ముందు ఆగి ఏ వీధి, ఏ కొట్టు అని అడిగినవాళ్ళే చాలామంది. ఒకాయన నీ చేతులు కనపడేదాకా ఫోటో మీదికి వంగి చూశాడు. గర్వంతో అన్నీ చెప్పాను.

కానీ ఒకటి నీకు చెప్పకుండా ఉండలేను. కెప్టెన్ తన పనిముట్టు చేసేశాడు. అగ్గిపెట్టె అంత ఉంది, అరచేతిలో పట్టేస్తుంది. తాళానికి ఆనిస్తే లోపల సన్నగా కదులుతుంది, నీ బొటనవేలు వెతికినట్టే వెతుకుతుంది. తాళం ఊడి పడగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తరవాత మేడమ్ దగ్గరికి వెళ్ళి, "ఇది ఓడల్లోనే ఉండిపోతుందా?" అని అడిగాను. "భయం వేస్తోందంటే ఆలోచన పెద్దదని అర్థం," అన్నారు. ఆ మాట రాసుకున్నాను, నమ్మాలని చూస్తున్నాను.

ప్రదర్శన అయిన రోజే పెట్టెకు ముసుగు వేసి తీగలు పీకేశారు. మా జవాబులన్నీ చదివి నివేదిక రాసేదాకా తెరవరట. ఇక నీకూ కాస్త విశ్రాంతి. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఉత్తరం ఆలస్యమైతే కంగారు పడకు. నా గదిలో అమ్మాయి నిద్రలో కూడా పాఠాలు అప్పజెబుతోంది.

చిన్ని

*

సెప్టెంబర్ 29

చిన్నీ,

ఇక్కడ ఏదో బాగాలేదు.

మొదట టైలర్ ఇల్లు. మిట్టమధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ కొట్లో ఉండగా తలుపు తెరుచుకుని ఉంది. తాళం గడపమీద పెట్టి ఉంది, గీత కూడా పడలేదు. ఇంట్లో పూచికపుల్ల కూడా పోలేదు. "తాళం వెయ్యడం మరిచిపోయి ఉంటావు" అని నవ్వుకున్నాం. రెండు రోజులకు మందుల కొట్టాయన ఇల్లు. అదే తీరు. తరవాత నర్సమ్మ. ఆవిడ భోజనం చేసి లోపల పడుకుంది, తలుపులో బిగించిన నొక్కుడు తాళం వేసే పడుకుంటుంది. లేచేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. వంటింట్లో ఉండాల్సిన కుర్చీ మంచం పక్కన ఉందట, ఆవిడ మొహం వైపు తిరిగి. ఎవరో కూర్చుని చూసినట్టు. అప్పటినుంచి ఆవిడ పడుకోవడం లేదు, కూర్చునే కునికిపాట్లు పడుతోంది.

అందరూ వచ్చి రెండో తాళం బిగించమన్నారు. నేను కొత్త రకం చేసి బిగించా, ఎవరికీ తెలియని మెలిక పెట్టి. వారం తిరక్కుండా అవీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు నేను వీధిలోకి వస్తే మాటలు ఆగిపోతున్నాయి. నిన్న టైలర్ మొహం మీదే అడిగాడు. "ఆ మెలిక నీకు తప్ప ఎవరికి తెలుసయ్యా?" నిజమే, నాకు తప్ప తెలియదు. మీ పిన్నికి కూరలమ్మే ఆవిడ సరుకు ఇచ్చింది గానీ మొహం చూడలేదు.

నువ్వేమో పరీక్షలంటూ రాయడమే మానేశావు. సారొక్కడే ధైర్యం చెబుతున్నాడు. నంబరు మారిందట, కొత్త నంబరు నుంచి రాస్తున్నాడు. కొత్త తాళాలు వేసిన రోజే, ఎలా బిగించారు అని అడిగాడు. మనసు విప్పి చెప్పుకోడానికి ఒక్కడైనా ఉన్నాడని అంతా చెప్పా.

బాబాయి

*

అక్టోబర్ 4

బాబాయ్,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. తరగతి గుమ్మంలో నిలబడే రాస్తున్నాను. ఆ నంబరుకు ఇంక ఏ జవాబూ ఇవ్వకు. ఒక్క ముక్క కూడా వద్దు. కాలేజీలో కనుక్కుని వివరంగా రాస్తాను. నీ ఫోన్‌కు కూడా సందేశం పంపాను, చూసుకో.

చిన్ని

*

అక్టోబర్ 8

చిన్నిగారికి,

ఉత్తరం అందింది. నాలుగు ముక్కలు. వీధి వీధంతా నన్ను దొంగను చూసినట్టు చూస్తోందని రాస్తే, ఎలా ఉన్నావు బాబాయ్ అనలేదు. జవాబివ్వకు అన్నావు. నీ మార్కులు నీకు వచ్చేశాయి, ఇక బాబాయి నోరు మూసుకోవాలి. నా పేరు ఇలా అయ్యాక కాలేజీలో నీకు తలవంపులు అనుకుంటా. అర్థం చేసుకోగలను.

నీ పేరుతో ఫోన్‌కు వచ్చిన సందేశం చూశా. అది నువ్వు పంపానన్నదేనని ఎలా నమ్మను? సారు ముందే హెచ్చరించాడు, "మీ అమ్మాయి పేరుతో దొంగ సందేశాలు వస్తాయి, నమ్మకండి" అని. అందుకే నీ చేతిరాత తప్ప ఏదీ నమ్మను. ఆ చేతిరాతలో వచ్చింది ఆ నాలుగు ముక్కలేనా అని బాధ.

మొన్న స్టేషన్‌కు పిలిచారు. నా తీగలు, ఆకురాళ్ళు అన్నీ పట్టుకుపోయారు. "చేతులు చూపించు" అన్నాడు ఎస్సై. చూపించా. ఈ వయసులో.

మన ఇంటి తలుపు కూడా నిన్న తెరిచి ఉంది. మేమిద్దరం కొట్లో ఉన్నాం. మీ పిన్ని మరిచిపోయిందని కేకలేశా. వేశానని ఏడుస్తూ ఒట్టు పెట్టుకుంది. నా మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. నేను దుప్పటి మడతపెట్టను, మీ పిన్నికి వంగితే నడుం పట్టేస్తుంది.

సారు ఇరవై ఒకటో తేదీ, ఆదివారం, ఇక్కడికి వస్తానన్నాడు. నా చేతులు దగ్గరగా చూడాలట, గుడ్డ లేకుండా. నిర్దోషినని స్టేషన్‌లో తనే చెబుతాడట. నాకు ఇప్పుడు దిక్కు ఆయనే.

బాబాయి

*

అక్టోబర్ 12

బాబాయ్,

నీకు కోపం ఉంటే ఉండనీ. ఈ ఉత్తరం పూర్తిగా చదివి తరవాత తిట్టు. పిన్నికి కూడా గట్టిగా చదివి వినిపించు. నా చేతిరాత గుర్తుపట్టు. నువ్వు నమ్మేది ఇదొక్కటే మిగిలింది.

సారు లేడు. ఎప్పుడూ లేడు. నీ బొటనవేలు నొప్పి గురించి అడిగింది యంత్రమే, మనిషిలా అడిగేలా దాన్ని తయారుచేశారు. దాన్ని సెప్టెంబర్ పన్నెండున మూసేశారు. నిన్న మేడమ్ నాకు తాళం వేసిన గది తెరిచి చూపించారు. ముసుగు మీద దుమ్ము పట్టి ఉంది. పన్నెండు తరవాత అది ఎవరికీ ఒక్క ప్రశ్న పంపలేదు. మరి ఆ తరవాత నిన్ను అడిగింది ఎవరు? కొత్త తాళాల మెలిక ఎవరికి చెప్పావు?

ఎవరో మాకు తెలియదు. ప్రదర్శన రోజు బల్ల మీది పనిముట్టు పోయిందని కెప్టెన్ ఇప్పుడు చెప్పాడు. మార్కులు తగ్గిస్తారని ఇన్నాళ్ళూ దాచాడట. నిన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నీకూ పెట్టెకూ మధ్య నడిచిన మాటలు ప్రదర్శనలో మా బల్ల దగ్గర తెర మీద కనిపిస్తూనే ఉన్నాయి, గొప్పగా ఉంటుందని నేనే పెట్టించాను. వాటిని ఎవరో చదివారు. పెట్టె ఎలా మాట్లాడుతుందో నేర్చుకున్నారు. నీ నంబరు, మన వీధి, కొట్టు బోర్డు అన్నీ అక్కడే ఉన్నాయి. ఫోటో మీదికి వంగి నీ చేతులు చూసిన మనిషి గురించి రాశాను కదా. ఎంత ఆలోచించినా అతని మొహం గుర్తురావడం లేదు. అందరితో పాటు నవ్వుతూ నాకు కరచాలనం చేశాడన్నది ఒక్కటే గుర్తుంది.

నువ్వు నాకు తలవంపులు తేలేదు, నీకు తెచ్చింది నేనే. ఇక్కడి స్టేషన్‌లో ఇదంతా చెప్పాను. పద్దెనిమిదో తేదీ సాయంత్రం మళ్ళీ వచ్చి రాతపూర్వకంగా చెప్పాలి, అప్పటిదాకా ఊరు దాటవద్దన్నారు. అక్కడి స్టేషన్‌కు కూడా ఫోన్ చేశాను. "అనుమానం ఉన్నది మీ బాబాయి మీదేనమ్మా, ఆయన్ని కాపాడమని మాకు చెబుతున్నావా?" అని నవ్వారు. ఈ మాటలు బయటపెడితే కోర్సు నుంచి తీసేస్తామని ప్రిన్సిపాల్ పిలిచి చెప్పారు. తీసేయనీ అన్నాను.

ఆ తలుపులన్నీ ఎందుకు తెరిచాడో ఆలోచించాను. దొంగతనం కోసం కాదు. నువ్వు చెప్పింది నిజమో కాదో ఒక్కొక్క ఇంట్లో సరిచూసుకున్నాడు. నువ్వు కొత్త తాళం బిగిస్తే ఎలా అని నిన్నే అడిగాడు. చివరికి మన ఇంటికి వచ్చాడు. నీకు తెలిసినదాంట్లో మాటల్లో పెట్టలేనిది ఇంకా ఏదో మిగిలింది. దానికోసం వస్తున్నాడు. ఇరవై ఒకటి అన్నాడు కదా అని ఇరవై ఒకటి వరకు ఆగుతాడని అనుకోకు.

ఈ ఉత్తరం అందిన పూటే కొట్టు మూసెయ్యి. పిన్నిని తీసుకుని వాళ్ళ అక్కగారి ఇంటికి, పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపో. సామాను సర్దుకుంటూ కూర్చోకండి. నర్సమ్మ వస్తానంటే ఆవిడ్నీ తీసుకెళ్ళు. ఎక్కడికి వెళుతున్నావో ఎవరికీ చెప్పకు. ఫోన్ ఇంట్లోనే వదిలెయ్యి. అందులో అతను "ఎక్కడున్నారు?" అని అడిగితే నీకు మొహమాటం ఎక్కువ, జవాబివ్వకుండా ఉండలేవు.

పెద్దమ్మ ఇంటికి చేరగానే నాకు ఉత్తరం రాయి. నీ చేత్తోనే రాయాలి. ఫోన్‌లో ఏం వచ్చినా, నీ పేరుతో వచ్చినా సరే, నేను నమ్మను. పంతొమ్మిది పొద్దున మొదటి బస్సుకు బయలుదేరతాను. నీ ఉత్తరం వస్తే నేరుగా పెద్దమ్మ ఇంటికి వస్తాను. రాకపోతే మన ఇంటికి వెళ్ళాలి. తలుపు తెరిచి ఉంటే ఎలా లోపలికి అడుగు పెట్టాలో నాకు తెలియడం లేదు బాబాయ్.

పద్దెనిమిదో తేదీ లోపు జవాబు అందేలా రాయి. తిట్లయినా సరే, ఒక్క ముక్కయినా సరే.

నీ
చిన్ని